చన్నీళ్ళు సోకని ఇల్లు

సుమయా ఇంట్లో ఏడాది పొడుగునా ఎవరూ చన్నీళ్ళు పోసుకోరు. మే నెలలో, తెనాలి రోడ్ల మీద తారు మెత్తబడి చెప్పులకు అంటుకునే రోజుల్లో సైతం, ఆ ఇంటి స్నానాల గదిలో బకెట్టు మీద ఆవిరి లేస్తూనే ఉంటుంది. ఈ నియమం పెట్టిన మనిషి సుమయా తల్లి నాగూర్‌బీ. భర్త పోయిన తర్వాత ఆవిడ చిన్న కూతురికి దగ్గరగా, అదే వాకిట్లోని పక్క వాటాలో ఉంటోంది. తెల్లవారగానే ఆవిడ చేసే మొదటి పని హీటరు తీసేసి కూతురి బకెట్టులో వేళ్ళు ముంచి చూడటం. వేడి చాలదనిపిస్తే ఎవరెంత తొందరలో ఉన్నా మళ్ళీ హీటరు పెట్టవలసిందే.

సుమయా భర్త ఫరూక్ ఫ్రిజ్‌లూ ఏసీలూ బాగుచేస్తాడు. "ఊళ్ళో అందరి కొంపలూ చల్లబరిచి వస్తానా, ఇంటికొస్తే మా అత్తమ్మ నన్ను ఉడకబెడుతుంది" అని తోటి మెకానిక్కులతో అంటాడు. అత్తగారికి వినపడేలాగే అంటాడు. ఆవిడ నవ్వదు.

"ఉడికి పోయినోళ్ళు ఎవరూ లేరులే బాబూ" అంటుంది.

పోయింది ఆవిడ పెద్ద కూతురు గౌసియా. పదకొండేళ్ళ కిందట, రేపల్లెలో, అత్తవారింట్లో, రెండో కాన్పు తర్వాత. కాన్పయిన ఆడమనిషిని నలభై రోజులు మంచం దిగనివ్వకుండా, గాలి తగలనివ్వకుండా చూసుకునే ఆచారాన్ని వాళ్ళు చిల్లా అంటారు. ఆ చిల్లా సగం గడవకుండానే గౌసియా ఒక ఉదయం స్నానాల గది గుమ్మంలో కుప్పకూలింది. కబురందుకుని నాగూర్‌బీ వెళ్ళేసరికి కూతురి జుట్టూ బట్టలూ తడిసి ఉన్నాయి. ఒళ్ళు చల్లబడి ఉంది. ఆవిడ వియ్యపురాలు మస్తాన్‌బీ వైపు తిరిగి, "పచ్చి బాలింతకి చన్నీళ్ళు పోశావా?" అని అడిగింది. మస్తాన్‌బీ తల వంచుకుని నిలబడింది తప్ప నోరు విప్పలేదు. ఆ మౌనమే జవాబు కింద స్థిరపడిపోయింది. అప్పటి నుంచి రెండు కుటుంబాలకూ రాకపోకలు లేవు. గౌసియా పిల్లలిద్దరూ తండ్రితో విజయవాడలో పెరుగుతున్నారు.

అప్పటికి సుమయాకు పెళ్ళి కాలేదు. ఇప్పుడు ముప్ఫై నిండాయి. ఇద్దరు పిల్లలు. పెళ్ళి జాకెట్ల మీద మగ్గం పని చేస్తుంది. చెక్క చట్రానికి బట్టను బిగలాగి కట్టి, కొక్కెపు సూదితో జరీ తీగనూ పూసలనూ కుట్టే ఆ పనిలో ఆమెకు తెనాలిలోనే కాదు, బాపట్లలోనూ పేరుంది. జాకెట్టు తిరగేసి చూసినా ముడులు కనపడవని అక్కడి బట్టల కొట్టు యజమానురాలు చెబుతుంది. పని మీద అంత నిదానం ఉన్న మనిషికి, గర్భం రాకుండా రోజూ వేసుకోవలసిన మాత్ర మాత్రం గుర్తుండేది కాదు. ముహూర్తాల రోజుల్లో అన్నం తినడమే మరిచిపోయేది. మాత్రల కంటే ముందు కాపర్ టీ వేయించుకుంటే నెలసరికి గడ్డలు గడ్డలుగా నెత్తురు పోయి, చివరికి తీయించుకోవలసి వచ్చింది. ఆపరేషన్‌కు ఆమె మనసు ఒప్పలేదు. మూడో కాన్పు మాత్రం వద్దని భార్యాభర్తలిద్దరూ గట్టిగా అనుకున్నారు. సుమయాకు ఆ మాట వెనక ఒక భయం కూడా ఉంది. చిల్లా మంచం మీద నలభై రోజులు మళ్ళీ పడుకోవాలంటే ఆమెకు అక్క గుర్తుకొస్తుంది.

తెనాలిలో అయితే మందుల కొట్టువాడు కూడా బంధువే. అందుకని జాకెట్లు ఇవ్వడానికి బాపట్ల వెళ్ళినప్పుడే అక్కడి డాక్టరు కృపారాణిని కలిసింది. డాక్టరు చెప్పిందంతా విని, సొరుగులోంచి ఒక నమూనా తీసి బల్ల మీద పెట్టింది. పసిపిల్ల గాజంత ఉంది. రంగు లేదు, నొక్కితే సాగుతోంది.

"దీన్ని రింగు అంటారమ్మా. ఇది నేను వేసేది కాదు, మీరే పెట్టుకునేది. రోజూ గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. కానీ దీంట్లో ఉన్నదీ మాత్రల్లో ఉన్న హార్మోన్లే. అందుకే అందరికీ పడదు. కొన్ని అడుగుతా, నిజం చెప్పాలి. సిగరెట్లు తాగుతారా?"

సుమయాకు నవ్వొచ్చింది. "మా ఆయన కూడా తాగడండి."

"నవ్వండి, ఫర్వాలేదు. అడగడం నా పని. బీపీ నేను చూస్తా. ఒకవైపు తలనొప్పి వచ్చే ముందు కళ్ళ ముందు మెరుపులూ గీతలూ కనపడతాయా? పిల్లలకి పాలిస్తున్నారా? ఫిట్స్‌కిగానీ టీబీకిగానీ మందులు?"

అన్నిటికీ లేదనే చెప్పింది. అన్నీ నిజాలే.

"మీకుగానీ, మీ రక్తసంబంధంలో ఎవరికన్నాగానీ రక్తం గడ్డకట్టిందా?"

"కాపర్ టీ ఉన్నప్పుడు గడ్డలు పడేవండి."

"అవి కాదమ్మా. కాళ్ళ నరాల్లోగానీ, ఊపిరితిత్తుల్లోగానీ."

"కాళ్ళలోనా? లేదండి" అంది సుమయా.

ఆ జవాబులో అబద్ధం లేదు. గౌసియా చన్నీళ్ళ వల్ల పోయిందని తెలిసిన ఇంట్లో ఆ ప్రశ్నకు మరో జవాబు పుట్టే వీలు లేదు.

డాక్టరు బీపీ చూసింది. పరీక్ష చేసింది. తర్వాత వాడే పద్ధతి మెల్లగా, రెండుసార్లు చెప్పింది. చేతులు కడుక్కుని, ఆరాక, రింగును రెండు వేళ్ళ మధ్య నొక్కి లోపలికి జరపాలి. అది ఏ మూల కూర్చుందన్నది లెక్క కాదు, ఒరుసుకోకుండా ఉంటే సరిగా ఉన్నట్టే. మూడు వారాలు లోపలే ఉండాలి. నాలుగో వారం తీసేస్తే నెలసరి వస్తుంది. వారం నిండగానే, నెత్తురు పూర్తిగా ఆగకపోయినా, కొత్తది పెట్టుకోవాలి. మొదటిసారి పెట్టుకున్నాక వారం పాటు నిరోధ్ కూడా వాడాలి. సుఖవ్యాధుల నుంచి మాత్రం రింగు కాపాడదు.

"ఎప్పుడన్నా జారి బయటికొస్తే కంగారు పడొద్దు. చన్నీళ్ళతోగానీ గోరువెచ్చని నీళ్ళతోగానీ కడిగి, మూడు గంటల్లోపు మళ్ళీ పెట్టేసుకోండి. వేడినీళ్ళు మాత్రం వద్దు. వేడి తగిలితే మందు విడుదలయ్యే తీరు మారిపోవచ్చు. మన ఎండలకి కొత్తవి ఫ్రిజ్‌లో ఉంచుకోండి, పై అరలో గడ్డకట్టించొద్దు."

చివర్న, సంచీ సర్దుకుంటున్న సుమయా చేతి మీద చెయ్యి వేసి ఆపింది.

"ఇది అన్నిటికంటే ముఖ్యం. ఒక కాలు మాత్రమే వాచినా, పిక్క నొప్పి పుట్టినా, గుండెలో పోటు వచ్చినా, ఆయాసం వచ్చినా, ఎన్నడూ రానంత తలనొప్పి వచ్చినా, చూపు మసకబారినా, రింగు తీసేసి వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. రేపు చూద్దాంలే అనుకోకూడదు, వాచిన కాలిని రుద్దకూడదు."

తిరుగు రైల్లో సుమయాకు కిటికీ పక్కన చోటు దొరికింది. మిగతా మాటలన్నీ వరసగా గుర్తున్నాయి. వాటిలోంచి ఒక్క మాట విడివడి, పంటిలో ఇరుక్కున్న పీచులాగా అలాగే ఉండిపోయింది: ఒక కాలు మాత్రమే.

బిడ్డను చూడటానికి తను రేపల్లె వెళ్ళిన రోజు గుర్తుకొచ్చింది. గౌసియా మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. దుప్పటి తొలగినప్పుడు ఒక కాలికే పట్టీ ఉంది. రెండోది ఏదని సుమయా అడిగింది. "బిగుసుకుపోయిందే, తీయించేశా" అని నవ్వి దుప్పటి లాక్కుంది గౌసియా. ఆ తర్వాత అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకోలేదు. అదే ఆఖరి మాట కావడం వల్ల సుమయాకు అది గుర్తుండిపోయింది తప్ప, దానికి మరో అర్థం ఉందని ఎన్నడూ అనుకోలేదు. ఇప్పుడూ అనుకోలేదు. అనుకోబోతుండగా నిడుబ్రోలు స్టేషన్ వచ్చింది, జనం ఎక్కారు, ఒకామె పిల్లవాణ్ణి సుమయా ఒళ్ళో కూర్చోబెట్టింది.

కొత్త రింగుల పెట్టెను ఫ్రిజ్‌లో చూసిన నాగూర్‌బీ, "ఇదేంటి బాబూ?" అని అల్లుణ్ణి అడిగింది.

"కంప్రెసర్ వాషర్ అత్తమ్మా. చల్లగా ఉండకపోతే పాడైపోద్ది" అన్నాడు ఫరూక్, ముఖంలో ఒక్క గీత కూడా కదలకుండా.

"దాన్ని నిమ్మకాయ పచ్చడి పక్కన పెట్టావేం? వాసన పట్టదూ?"

ఆ మాటకు సుమయా వంటింట్లోకి పారిపోయి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆ నెలల్లో ఆమె నవ్విన సందర్భాలు ఎక్కువ లేవు. రింగు వల్ల ఏ ఇబ్బందీ రాలేదు. నెలసరి క్రమంగా వస్తోంది, నెత్తురు తగ్గింది. ఇబ్బంది వేరే చోట మొదలైంది. మగ్గం ముందు కూర్చుని తల వంచి పని చేసుకుంటుంటే వెనక గచ్చు మీద పట్టీ చప్పుడు వినపడేది. రెండు కాళ్ళ చప్పుడు కాదు. ఒక అడుగుకు మోగి, రెండో అడుగుకు మోగకుండా, మళ్ళీ మోగేది. శబ్దం అక్కడ ఉందని సుమయా నమ్మలేదు. వినపడుతోందని మాత్రం తనకు తాను ఒప్పుకుంది. తిరిగి చూస్తే వాకిలి ఖాళీగా ఉండేది. నాగూర్‌బీ తన వాటా గుమ్మంలో బియ్యం ఏరుకుంటూ ఉండేది. మళ్ళీ సూది పట్టుకుంటే, పూస గుచ్చే ముందు సుమయా వంగి తన రెండు మడమలనూ తడిమి, సమానంగానే ఉన్నాయో లేదో చూసుకునేది.

పుష్యమాసపు చలిలో ఒక ఉదయం మరుగుదొడ్డిలో రింగు జారి చేతిలోకి వచ్చింది. అది మూడో వారం. కంగారు పడవద్దన్న మాట గుర్తుంది. స్నానాల గదిలో ఒక పక్క కుళాయి, మరో పక్క నాగూర్‌బీ వేళ్ళు ముంచి సరేనని వెళ్ళిన బకెట్టు. సుమయా కుళాయి తిప్పింది. వేళ్ళకు చన్నీళ్ళు తగలగానే చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చింది. లోపలికి వెళ్ళే వస్తువు. దానికి చన్నీళ్ళు తగలనిచ్చి మళ్ళీ ఒంట్లో పెట్టుకోవడమా? అది ఆలోచన కూడా కాదు. పదకొండేళ్ళుగా తల్లి వెంటే ఉండి ఆ ఇంటి గోడలకూ పట్టిన భయం ఆమె మణికట్టు పట్టుకుని లాగింది. చెంబుతో బకెట్టులోని నీళ్ళు ముంచి, పొగలు కక్కే నీళ్ళలో రింగును శ్రద్ధగా కడిగింది. తుడిచాక వేళ్ళ మధ్య అది మునుపటి కంటే మెత్తగా అనిపించింది. అప్పుడు డాక్టరు మాట గుర్తుకొచ్చింది.

మేడ మీదికి వెళ్ళి ఫోను చేసింది.

"ఎందుకమ్మా వేడినీళ్ళతో కడిగారు? ప్రత్యేకంగా వద్దని చెప్పానే" అంది కృపారాణి. గొంతులో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది.

"తెలుసండి. చెయ్యి రాలేదండి. మా ఇంట్లో చన్నీళ్ళు వాడరు. మా అక్క చన్నీళ్ళ వల్లే పోయిందండి."

"చన్నీళ్ళ వల్ల ఎవరూ పోరమ్మా. ఎప్పుడు పోయారు మీ అక్క?"

"బాలింతగా ఉన్నప్పుడండి. మంచం మీదే ఉండేది. స్నానాల గది దాకా లేచి వెళ్ళి పడిపోయిందంట."

"దానికి ముందు ఏమన్నా అయిందా? కాలు వాచిందా?"

సుమయా పిట్టగోడ పట్టుకుంది. ఎండ అప్పుడే మేడ మీదికి వస్తోంది. కింద ఎవరో స్కూటరు తంతున్నారు. ఇన్ని శబ్దాల మధ్య ఆ పట్టీ మాత్రం మోగలేదు.

"ఒక కాలి పట్టీ తీసేసిందండి. బిగుసుకుపోయిందని" అంది.

"ఒక కాలేనా?"

"ఒక్కటేనండి."

"సుమయా, నేను చెప్పేది నిదానంగా వినండి. ఆ రింగు మళ్ళీ పెట్టుకోకండి. అదీ వద్దు, కొత్తదీ వద్దు. మీ అక్కకి కాలి నరంలో గడ్డకట్టి, అది ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి ఉండొచ్చు. కాన్పు తర్వాత, అందులోనూ కదలకుండా పడుకున్నవాళ్ళకి, ఆ ప్రమాదం ఎక్కువ. తోడబుట్టినవాళ్ళకి అలా అయిందంటే మీకు ఈ రకం హార్మోన్లు నేను ఇవ్వకూడదు. ఇప్పుడు మీ కాళ్ళు ఎలా ఉన్నాయి? ఆయాసం ఉందా?"

"లేదండి. రెండూ సమానంగానే ఉన్నాయండి. రోజూ చూసుకుంటున్నా."

"రోజూనా? ఎందుకు?"

సుమయా వంగి మడమలు మళ్ళీ తడుముకుంది.

నేటి నుంచి నిరోధ్ వాడమనీ, ఏ లక్షణం కనపడినా వెంటనే వెళ్ళమనీ, వారంలోపు వచ్చి కనపడమనీ డాక్టరు చెప్పింది. "ఈలోగా మీ అక్కకి ఏం జరిగిందో ఆ ఇంట్లోవాళ్ళని అడిగి తెలుసుకోండి. రేపు మీకు ఏ ఆపరేషన్ అయినా, మీ అమ్మాయి పెద్దదై ఆమెకి కాన్పు వచ్చినా, ఆ సంగతి డాక్టర్లకి చెప్పాలి. చెప్పకపోతే ఎవరికీ తెలియదు."

మర్నాడు జాకెట్టు కొలతలకని చెప్పి సుమయా రేపల్లె రైలెక్కింది. కోతలైన మాగాణుల్లో మినుము పచ్చగా లేచింది. వేమూరు, భట్టిప్రోలు దాటి బండి ఖాళీ అయ్యేకొద్దీ ఆమెకు చలి ఎక్కువైంది. ఎవరి పేరెత్తడానికి కూడా తల్లి ఒప్పుకోదో ఆ మనిషి ఇంటికి తను వెళుతోంది. అడగవలసిన మాటను రైలు శబ్దంలో పలుమార్లు కూర్చుకుంది. ఏ పదంతో మొదలుపెట్టినా అది నిందలాగే వినపడింది.

మస్తాన్‌బీ స్టేషన్‌కు దగ్గర్లోనే, అదే ఇంట్లో ఉంది. కళ్ళు సరిగా ఆనడం లేదు. గుమ్మంలోకి నడిచొచ్చిన మనిషిని చాలాసేపు చూసి, "గౌసియా నడకే" అంది. సుమయా చెప్పులిప్పి లోపలికొచ్చింది.

"నేను సుమయానండి ఖాలా. చిన్నదాన్ని."

"తెలుసులేవే. పోయినోళ్ళు చెప్పులిప్పి లోపలికి రారు. కూర్చో. మీ అమ్మ బతికుందా? ఉంటదిలే, నన్ను తిట్టడానికన్నా ఉండాలిగా."

సుమయా టీ తాగి, కప్పు కింద పెట్టి, కూర్చుకున్న మాటలన్నీ వదిలేసి, అక్కను ఎప్పుడూ పిలిచే పిలుపుతోనే, "ఆపాకి ఏ కాలు పొంగింది ఖాలా?" అని అడిగింది.

ముసలావిడ అల్లా పేరు తలుచుకుంటూ తిప్పుతున్న తస్బీ పూసలు ఆగిపోయాయి. ఆ ప్రశ్న కోసమే పదకొండేళ్ళు కూర్చున్నట్టు, గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

"ఎడమ కాలు. తొడ దగ్గర్నుంచీ మడమ దాకా. ఎర్రగా, ముట్టుకుంటే కాలేది. పట్టీ నేనే తీశా, సబ్బు రాసి. పొద్దున్నే లేచి దొడ్లోకెళ్తానంది. నేను పొయ్యి దగ్గరున్నా. గుమ్మంలో 'ఊపిరాడట్లా' అని ఒక్క మాట అని పడిపోయింది. పడడంలో చెయ్యి తగిలి బకెట్టు తిరగబడింది. అవీ ఆ నీళ్ళు. నేను పోయలా, ఎవరూ పోయలా."

"మరి ఆ రోజు అమ్మీ అడిగితే ఎందుకు చెప్పలేదు?"

మస్తాన్‌బీ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"కాలు పొంగిన రోజునే మీ అమ్మకి ఫోను చేశా. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానన్నా. 'బాలింతకి వాపులు మామూలే వదినా, చిల్లాలో గడప దాటించొద్దు, ఆవనూనె వెచ్చజేసి గట్టిగా రుద్దించండి' అంది. తల్లి గదా, నాకంటే ఎక్కువ తెలుసనుకున్నా. రుద్దించా. ఆ మాట ఆ రోజు శవం ముందు అనమంటావా? కడుపు కాలినావిడ. నీళ్ళ మీదికి పోతే పోనీ అనుకున్నా. తిడితే నాకేం పుండు పడతదా."

వాకిట్లో ఎండ గోడ మీది నుంచి దిగి మంచం దాకా వచ్చింది. అదే మంచం అయివుండాలి. సుమయా దాని మీద కూర్చోలేకపోయింది. వెళ్ళేటప్పుడు మస్తాన్‌బీ ఆమె తల మీద చెయ్యి వేసి, "ఇక్కడికొచ్చావని మీ అమ్మకి చెప్పమాకు" అంది.

సుమయా చెప్పలేదు. చెప్పవలసింది మాత్రం చెప్పక తప్పలేదు. డాక్టరు మాట ప్రకారం అది నాగూర్‌బీ రక్తానికీ సంబంధించిన సంగతి. ఇంటికి వచ్చేసరికి తల్లి గుమ్మంలో కూర్చుని మునగాకు దూస్తోంది. సుమయా ఎదురుగా కూర్చుని తనూ ఒక రెమ్మ తీసుకుంది.

"అమ్మీ, నేను పిల్లలు పుట్టకుండా ఒకటి వాడుతున్నా. డాక్టరమ్మ మానెయ్యమంది."

"ఆ వాషరేనా?" అంది నాగూర్‌బీ తలెత్తకుండా. "నాకు తెలియదనుకున్నారా ఇద్దరూ? ఎందుకు మానమంది?"

"ఆపాకి వచ్చింది కాలి నరంలో గడ్డంట. అది ఊపిరితిత్తుల్లోకి పోయిందంట. మనింట్లోవాళ్ళకి అలా కట్టే గుణం ఉండొచ్చంట. అందుకని నాకు ఆ మందు పనికిరాదంట."

అంతకు మించి ఒక్క మాట కూడా కలపలేదు. ఏ కాలో చెప్పలేదు. ఫోను సంగతి ఎత్తలేదు. నాగూర్‌బీ ఆకు దూయడం ఆపలేదు. దూసిన పుల్లను పక్కన పెట్టబోయి, ఆకు కుప్పలోనే పెట్టింది. కాసేపటికి చేతులు కొంగుకు తుడుచుకుని, ముందుకు వంగి, సుమయా సల్వారు అంచు పైకి తీసింది. ఎడమ కాలే. పిక్కను రెండు చేతులతో చుట్టి పట్టుకుని, మెల్లగా, ఎక్కడా నొక్కకుండా, కింది నుంచి మోకాలి దాకా తడిమింది. కుడి కాలు వైపు చూడనేలేదు.

సుమయా తల్లి నడినెత్తిని చూస్తూ కదలకుండా కూర్చుంది. ఆవిడకు మొదటి నుంచీ తెలుసు. గడ్డ అన్న పేరు తెలియకపోవచ్చు. ఆ కాలూ, ఆ నూనే, ఫోనులో తను అన్న మాటా ఆవిడ ఒక్కరోజు కూడా మరిచిపోలేదు. పదకొండేళ్ళుగా ఉదయాన్నే లేచి బకెట్టులో వేళ్ళు ముంచింది మరిచిపోవడానికే. మస్తాన్‌బీని తిట్టిన తిట్లన్నీ ఎవరికి తగలాలని తిట్టిందో సుమయాకు అప్పుడు అర్థమైంది.

"మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి ఎప్పుడు?" అంది నాగూర్‌బీ.

"శుక్రవారంలోపు రమ్మంది."

"నేనూ వస్తా. ఆవిణ్ణి ఒకటి అడగాలి."

"ఏంటి అమ్మీ?"

"నూనె రాయకపోతే బతికేదా అని."

బాపట్లలో ఆ రోజు రద్దీ లేదు. కృపారాణి సుమయా కాళ్ళు చూసింది, ఛాతీకి స్టెతస్కోపు పెట్టి వింది. రేపల్లెలో విన్నది సుమయా క్లుప్తంగా, తల్లి ముందు పలకగలిగినంత మేరకు చెప్పింది: ఎడమ కాలు, ఎర్రదనం, వేడి, ఆయాసం. డాక్టరు దాన్ని చీటీ పై భాగంలో రాసి కింద గీత గీసింది. రక్త పరీక్ష ఒకటి ఉందనీ, అది మామూలుగా వచ్చినా రింగుగానీ, అలాంటి మాత్రలుగానీ వద్దనీ చెప్పింది. వాటిలోని ఈస్ట్రోజన్ లేకుండా, గర్భాశయంలో వేసే హార్మోను లూప్ ఒకటి ఉంది. దానితో గడ్డల ప్రమాదం పెరుగుతుందని తేలలేదు, కాపర్ టీతో పోయినట్టు నెత్తురు పోదు, కొన్నేళ్ళు ఉంటుంది. మొదటి నెలల్లో మధ్యమధ్య మరకలు కనపడవచ్చు. సుమయా ఒప్పుకుంది. ఏ ఆస్పత్రిలో చేరినా, ఏ దూర ప్రయాణం చేసినా, అక్క సంగతి ముందుగా చెప్పాలని డాక్టరు మరోసారి చెప్పింది. కాన్పయినవాళ్ళను మంచానికి కట్టిపడేయకూడదనీ, లేచి నాలుగడుగులు వేయనివ్వాలనీ అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ఎవరి వైపూ చూడలేదు.

నాగూర్‌బీ గోడవార కుర్చీలో, ఒళ్ళో రెండు చేతులూ ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చుంది.

"మీరేమన్నా అడగాలా అమ్మా?" అంది డాక్టరు.

ఆవిడ నోరు తెరిచింది. పెదవులు తడుపుకుంది. పక్కనున్న సుమయా వైపు చూసింది.

"ఈ పిల్లకేం కాదు కదండీ?" అంది.

"జాగ్రత్తగా ఉంటే ఏం కాదమ్మా. ఇప్పుడు మనకి తెలుసుగా."

స్టేషన్ దాకా ఆటో ఎక్కుదామంటే నాగూర్‌బీ వద్దని నడిచింది. ప్లాట్‌ఫారం మీద బెంచీ ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. బండి కనపడుతుండగా సుమయా నెమ్మదిగా, "అడుగుతానన్నావుగా అమ్మీ, అడగలేదేం?" అంది.

"చెప్పేస్తుందేమోనని" అంది నాగూర్‌బీ.